పీపాలో ఏం కలిసింది?

వైన్ పీపాల్లో నానిన బోర్బన్ విస్కీకి మార్కులెన్ని? ఈ ప్రశ్న రుచితోనే తేలేది కాదు

మద్యం చట్టాల చరిత్ర ఏ దేశంలో తవ్వినా అడుగున కనిపించేది కల్తీయే. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో విస్కీ పేరుతో అమ్ముడుపోయిన సరుకులో చాలాభాగం అసలు విస్కీయే కాదు. రెక్టిఫయర్లనే టోకు వ్యాపారులు ఘాటైన పచ్చి స్పిరిట్ కొనేవారు. రంగు కోసం పొగాకు రసం, అయోడిన్, తీపి కోసం ఎండు ప్లమ్ పళ్ల రసం కలిపేవారు. 'పాత విస్కీ' అని చీటీ అంటించి అమ్మేవారు. నిజంగానే ఏళ్ల తరబడి పీపాల్లో నిల్వ ఉంచి అమ్మే కెంటకీ తయారీదార్లకు ఇది కడుపుమంట. వాళ్లలో ఎడ్మండ్ టేలర్ అనే ఆయన, అప్పటి ఖజానా మంత్రి జాన్ కార్లైల్ పట్టుబట్టి తెచ్చినదే 1897 నాటి బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో కాచి, సర్కారు తాళం వేసిన గోదాములో కనీసం నాలుగేళ్లు ఉంచి, 50 శాతం ఆల్కహాల్‌తో సీసాలో నింపితేనే ఆ ముద్ర. సామాన్య వినియోగదారుడికి తాను కొన్నదేమిటో చెప్పే పూచీ ఆహార పదార్థాల కంటే ముందు విస్కీకే దక్కింది. ఆహార, ఔషధాల స్వచ్ఛత చట్టం వచ్చింది 1906లో. అయినా విస్కీ అంటే ఏమిటన్న గొడవ తెగక, చివరికి 1909లో అధ్యక్షుడు టాఫ్టే కూర్చుని తీర్పు చెప్పాల్సి వచ్చింది. ఒక దేశాధ్యక్షుడి సమయం ఇలాంటి పనికి వెచ్చించడం వింతేమీ కాదు. ఖజానాకు మద్యం ఎంత ముఖ్యమో మన రాష్ట్రాల ముఖ్యమంత్రులను అడిగితే చెబుతారు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, పళ్ల రుచి మళ్లీ విస్కీలోకి వచ్చింది. ఈసారి దొడ్డిదారిన కాదు, దర్జాగా లేబుల్ మీద పేరు రాయించుకుని మరీ. పోర్ట్ వైన్, షెర్రీ, కాబర్నే సావినాన్ లాంటి వైన్లు పోసి ఉంచిన పాత పీపాల్లో బోర్బన్‌ను కొన్ని నెలలపాటు ఉంచి అమ్మడం దశాబ్దన్నరగా కెంటకీలో పెద్ద వ్యాపారమైంది. మామూలు బోర్బన్ కంటే దీనికి ధర ఎక్కువ, ఆకర్షణ ఎక్కువ, అనుమానమూ ఎక్కువ.

అనుమానం ఎందుకో అర్థం కావాలంటే బోర్బన్ నిర్వచనం తెలియాలి. కాచే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. కాచిన సారా 80 శాతం ఆల్కహాల్ మించకూడదు. పీపాలోకి పోసేటప్పుడు 62.5 శాతం మించకూడదు. సీసాలో నింపేటప్పుడు 40 శాతానికి తగ్గకూడదు. రంగు గానీ, రుచి కోసం ఇంకేదైనా గానీ కలపకూడదు, నీళ్లు తప్ప. అన్నిటికంటే గట్టి నియమం పీపాది. అది ఓక్ చెక్కతో చేసిన కొత్త పీపా అయి ఉండాలి, లోపలివైపు మంటతో కాల్చి బొగ్గు చేసి ఉండాలి. ఒకసారి వాడితే ఆ పీపా మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు. అలా రిటైరైన పీపాలు స్కాట్లండ్‌కు, ఐర్లండ్‌కు, మెక్సికోకు, మన బెంగళూరు అమృత్‌కు, గోవా పాల్ జాన్‌కు కూడా ప్రయాణమవుతాయి. 1964లో అమెరికన్ కాంగ్రెస్ బోర్బన్‌ను తమ దేశపు విశిష్ట ఉత్పత్తిగా ప్రకటిస్తూ తీర్మానం చేసింది. మనకు తిరుపతి లడ్డూకు భౌగోళిక గుర్తింపు ఎంతో వాళ్లకిది అంత.

కొత్త పీపా ఎందుకంత ముఖ్యమంటే, బోర్బన్ రుచిలో చాలాభాగం, రంగు మొత్తం అక్కడి నుంచే వస్తాయి. మంటకు చెక్కలోని చక్కెరలు పాకమవుతాయి. వెనీలా వాసననిచ్చే వెనిలిన్ పుడుతుంది. అమెరికన్ ఓక్‌లో ఉండే లాక్టోన్లు కురిడి కొబ్బరి వాసననిస్తాయి. కెంటకీ ఎండాకాలంలో సారా వ్యాకోచించి చెక్కలోకి చొరబడుతుంది, చలికాలంలో వెనక్కి వస్తుంది. ఏడాదికేడాది ఈ రాకపోకల్లో కొంత ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. ఏటా రెండు శాతం పోతేనే స్కాట్లండ్‌లో లెక్క రాసుకుంటారు. బెంగళూరు ఎండలో అమృత్ పీపాల నుంచి ఏడాదికి 10 శాతం పైనే గాల్లో కలిసిపోతుంది. మన దేవదూతలకు దాహం ఎక్కువ.

ఆ వాటా మీద హాస్యమాడుతూ పుట్టిన పేరే ఏంజెల్స్ ఎన్వీ. దేవదూతల అసూయ అని అర్థం. వైన్ పీపా బోర్బన్లకు జనాదరణ తెచ్చిన సీసా ఇదే. దీన్ని తయారుచేసిన లింకన్ హెండర్సన్ కొత్తవాడేమీ కాదు. లూయీవిల్‌లోని బ్రౌన్-ఫోర్మన్ కంపెనీలో దాదాపు 40 ఏళ్లు పనిచేసి, జెంటిల్మన్ జాక్, వుడ్‌ఫర్డ్ రిజర్వ్ లాంటి విస్కీలకు రూపమిచ్చిన పెద్దమనిషి. 2001లో కెంటకీ బోర్బన్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైనప్పుడు తొలి జాబితాలోనే ఆయన పేరుంది. 2004లో రిటైరై ఇంట్లో కూర్చున్న తండ్రిని కొడుకు వెస్ మళ్లీ పనిలోకి లాగాడు. ఏళ్లుగా మనసులో ఉండి కంపెనీలో చేయడానికి వీలుపడని ప్రయోగాలు ఇప్పుడైనా చేద్దామన్నది కొడుకు వాదన. అలా 2011లో మార్కెట్లోకి వచ్చింది ఏంజెల్స్ ఎన్వీ. మామూలుగా కొత్త పీపాల్లో నాలుగు నుంచి ఆరేళ్లు ఉన్న బోర్బన్‌ను పోర్చుగల్ నుంచి తెచ్చిన రూబీ పోర్ట్ పీపాల్లోకి మార్చి మూడు నుంచి ఆరు నెలలు ఉంచడం ఇందులోని కిటుకు.

మొదట్లో ఆ కుటుంబానికి సొంత డిస్టిలరీ లేదు. ఇతరుల దగ్గర కాయించిన సరుకుతోనే మొదలుపెట్టారు. లింకన్ 2013 సెప్టెంబరులో 75 ఏళ్ల వయసులో చనిపోయాడు. 2015లో బకార్డీ కంపెనీని కొనేసింది. లూయీవిల్ నడిబొడ్డున సొంత డిస్టిలరీ తలుపులు తెరుచుకున్నది 2016లో. జీవితమంతా ఇతరుల బట్టీల మీద పనిచేసినవాడు తన పేరుతో ముడిపడ్డ బట్టీ వెలిగేనాటికి లేడు.

ఇలాంటి పనిని మొదట చేసింది ఆయనేనని చెప్పడం మాత్రం సరికాదు. స్కాట్లండ్‌లో బాల్వెనీకి చెందిన డేవిడ్ స్టువర్ట్ 1980ల్లోనే విస్కీని ఒక పీపా నుంచి ఇంకో రకం పీపాకు మార్చే పద్ధతికి ప్రచారం తెచ్చాడు. అమెరికాలోనూ బ్రౌన్-ఫోర్మన్ 2007లో తమ చేతిలోనే ఉన్న సోనోమా-కట్రర్ వైనరీ షార్డొనే పీపాల్లో వుడ్‌ఫర్డ్ రిజర్వ్‌ను ఉంచి ప్రత్యేకంగా విడుదల చేసింది. హెండర్సన్ ఘనతల్లా దాన్ని ఏడాదికొకసారి వచ్చే వింతగా కాక, దుకాణంలో ఎప్పుడూ దొరికే సరుకుగా మార్చడం.

మరి దాన్ని ఎలా జడ్జి చేయాలి? అక్కడే తేలని లెక్క. రుచి చూడ్డం వృత్తిగా ఉన్నవాళ్లు చెప్పే పద్ధతి తెలిసిందే. మూతి సన్నగా, పొట్ట వెడల్పుగా ఉన్న గ్లాసు. ముక్కు లోపలికి దూర్చకుండా, పెదాలు కాస్త తెరిచి వాసన చూడాలి. లేకపోతే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. మొదటి గుక్క నాలుకను మేల్కొలపడానికే, దానికి మార్కులు వేయకూడదు. రెండో గుక్కను నోరంతా తిప్పాలి. తర్వాత నాలుగు చుక్కల నీళ్లు వేసి మళ్లీ చూడాలి. మింగినా, ఉమ్మేసినా గొంతులో రుచి ఎంతసేపు నిలిచిందో గమనించాలి. సీసా కనిపించకూడదు, ధర తెలియకూడదు. ఈ చివరి రెండూ పాటించేవాళ్లు తక్కువ. అందుకే పత్రికల్లో ఖరీదైన సీసాలకు తక్కువ మార్కులు పడ్డం అరుదు.

లూయీవిల్ శివార్లలో ఒక తెలుగు ఇంట్లో జరిగిన పరీక్షలో ఈ రెండు నియమాలనూ కచ్చితంగా పాటించారు. కారణం, గ్లాసు ముందు కూర్చున్న పెద్దాయన. నెల్లూరు జిల్లాలో పుట్టి, ఎక్సైజ్ శాఖ ప్రయోగశాలల్లో మూడు దశాబ్దాలు రసాయన పరీక్షకుడిగా పనిచేసి రిటైరైన మనిషి. వేల సీసాలు పరీక్షించారు. రుచి చూసింది మాత్రం ఒక్కటీ లేదు. ఆయనకు మద్యమంటే సైక్స్ హైడ్రోమీటర్ మీద ఒక అంకె. మిథనాల్ ఉందా లేదా అన్న ప్రశ్న. కల్లు శాంపిల్ వస్తే అందులో క్లోరల్ హైడ్రేటో, డైజిపామో, తర్వాతి కాలంలో అల్ప్రాజోలమో వెతకడం. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు అన్నీ ఆయన బల్ల మీద శాంపిళ్ల సంఖ్యగానే కనిపించాయి. ఆయన భార్య సంగతి వేరు. దూబగుంట మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం 1992లో జిల్లా అంతా పాకినప్పుడు ఆమె పుట్టింటి ఊళ్లో సారా దుకాణం ముందు కూర్చున్నవాళ్లలో ఉన్నారు. ఆమె అన్న సారాకే పోయాడు. కూతురి ఇంట్లో హాలు మధ్య మూడు గ్లాసులు పెట్టడం చూసి ఆమె ఏమీ అనలేదు, వంటింటి తలుపు మాత్రం దగ్గరికి వేశారు.

అల్లుడు అక్కడ ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారాంతాల్లో డిస్టిలరీలు చూసి రావడం అతని సరదా. ఆ ఊళ్లో ఉండి అది లేకుండా బతకడం కష్టమే. కెంటకీలో మనుషుల కంటే బోర్బన్ పీపాలు ఎక్కువ. మామగారి చేత ఎలాగైనా రుచి చూపించాలన్నది అతని పట్టుదల. ఆయన రెండు షరతులు పెట్టారు. లేబుళ్లు ముందు చదవాలి, కానీ ఏ గ్లాసులో ఏది పోశారో తనకు చెప్పకూడదు. కూతురు లోపలికెళ్లి పోసుకొచ్చి గ్లాసుల కింద చీటీలు పెట్టింది.

లేబుళ్లు చదవడంలోనే అరగంట గడిచింది. ఏంజెల్స్ ఎన్వీ మీద 86.6 ప్రూఫ్ అని చూసి ఆయన ఉలిక్కిపడ్డారు. మన ఎక్సైజ్ వాళ్లది బ్రిటిష్ లెక్క. అందులో 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం ఆల్కహాల్. మన సీసాల మీద ఉండే 25 యు.పి., అంటే 75 ప్రూఫ్, 42.8 శాతం. అమెరికన్ లెక్కలో శాతాన్ని రెట్టింపు చేస్తే ప్రూఫ్. అలా చూస్తే 86.6 అంటే 43.3 శాతమే. "మన క్వార్టర్ సీసాకూ దీనికీ అర శాతం తేడా. దీనికి 50 డాలర్లా?" అన్నారు. అల్లుడు నవ్వాడు. "శాతానికి కాదు మామయ్యా, చెక్కకు."

రెండో సీసా వుడ్‌ఫర్డ్ రిజర్వ్, 45.2 శాతం. ఇది 1996లో మార్కెట్లోకి వచ్చిన, హెండర్సన్ చేయి పడ్డ మామూలు బోర్బన్. వైన్ పీపా ఊసు లేదు. రెండింటి ధాన్యం పాళ్లూ ఒకటే: 72 శాతం మొక్కజొన్న, 18 శాతం రై, 10 శాతం మొలకెత్తించిన బార్లీ. రసాయన పరీక్షకుడికి ఇంతకంటే ఏం కావాలి? ఒకటి కంట్రోల్ శాంపిల్, ఒకటి పరీక్ష శాంపిల్. వుడ్‌ఫర్డ్‌లో రాగి పాట్ స్టిల్‌లో కాచిన భాగం కూడా ఉంటుంది కాబట్టి పోలిక తూకం వేసినట్టు కుదరదు గానీ, మార్కెట్లో దొరికేవాటిలో దగ్గరగా వచ్చేది ఇదే. మూడోది లెజెంట్, 47 శాతం. జిమ్ బీమ్ ఏడో తరం ఫ్రెడ్ నో, జపాన్‌లో సన్‌టోరీ విస్కీలు మిళాయించే షింజీ ఫుకుయో కలిసి 2019లో తెచ్చినది. ఇందులో కొంత బోర్బన్ రెడ్ వైన్ పీపాల్లో, కొంత షెర్రీ పీపాల్లో ఉంచి, ఏ వైన్ పీపా ముఖం చూడని బోర్బన్‌తో కలుపుతారు.

ఆ తర్వాతే ఆయన అసలు ప్రశ్న అడిగారు. "బోర్బన్‌లో నీళ్లు తప్ప ఏమీ కలపకూడదన్నావు కదా. వైన్ పోసి తీసిన పీపా చెక్క లోపల వైన్ ఉంటుందా, ఉండదా?"

ఉంటుంది. 225 లీటర్ల పీపా ఖాళీ చేశాక కూడా చెక్క రంధ్రాల్లో కొన్ని లీటర్ల వైన్ ఇంకి ఉంటుంది. తర్వాత పోసిన విస్కీ దాన్ని మెల్లగా బయటికి లాగుతుంది. అది పీపా ఇచ్చిన రుచా, కలిపిన వైనా? గరిటెతో పోస్తే కల్తీ, చెక్క నుంచి కారితే కళ అనడం ఎంతవరకు సబబు? స్కాట్లండ్‌లో ఒకప్పుడు పాక్సరెట్ అనే చిక్కటి తీపి వైన్‌ను ఒత్తిడితో పీపా చెక్కలోకి ఎక్కించేవారు. రుచి కోసం చేస్తున్న కలపడమే ఇదని చెప్పి తర్వాత దాన్ని ఆపించారు. పీపాను ఎంత తడిగా తెచ్చుకోవచ్చునన్న దానికి మాత్రం గీత గీయడం ఎవరి వల్లా కాలేదు.

అమెరికన్ అధికారులు ఇందుకు కనిపెట్టిన మార్గం లేబుల్. ఉత్త బోర్బన్ అని రాసుకోవడానికి వీల్లేదు, ఏ పీపాలో ముగించారో కూడా ఆ మాటల పక్కనే చెప్పాలి. ఏంజెల్స్ ఎన్వీ మీద 'కెంటకీ స్ట్రెయిట్ బోర్బన్ విస్కీ, పోర్ట్ వైన్ పీపాల్లో ముగించినది' అన్న అర్థంలో ఉంటుంది. చట్టం దృష్టిలో అది ఉత్త బోర్బన్ కాదు, బోర్బన్‌తో చేసిన ఒక ప్రత్యేక సరుకు. ఇంట్లో బోర్బన్‌గా పెరిగి, పెళ్లయ్యాక ఇంటిపేరు మారినట్టు. ఛాందసులు ఇది బోర్బన్ కాదంటారు. అమ్మేవాళ్లు బోర్బన్ కాకుండా ఎక్కడికి పోయిందంటారు. ఇద్దరి దగ్గరా పాయింటుంది. కాకపోతే 1897 నాటి రెక్టిఫయర్‌కూ, ఈనాటి తయారీదారుకూ ఉన్న తేడా చిన్నదేమీ కాదు. అతను చెప్పకుండా కలిపాడు.

మన దగ్గర ఈ వాదన వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. ఇక్కడ విస్కీ పేరుతో అమ్ముడయ్యేదాంట్లో చాలాభాగం చెరకు మొలాసిస్ నుంచి తీసిన న్యూట్రల్ ఆల్కహాలే. దానికి కాస్త మాల్ట్ స్పిరిట్టో, దిగుమతి చేసిన స్కాచో తగిలించి కారమెల్ రంగు వేస్తారు. యూరప్ చట్టం ప్రకారం మొలాసిస్‌తో చేసింది విస్కీయే కాదు, పేరు పెట్టి అమ్మనివ్వరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి 2024 దాకా ప్రభుత్వమే దుకాణాలు నడిపినప్పుడు తెలిసిన బ్రాండ్లు దొరకడం లేదని తాగేవాళ్లు గగ్గోలు పెట్టారు. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగొచ్చాయి. ఆ అయిదేళ్లూ జనం అడిగింది కూడా ఒకటే ప్రశ్న, సీసాలో ఏముందని. లూయీవిల్‌లో ఆ పెద్దాయన అడిగిందీ అదే. తాగేవాడి నాలుకకు విలువ లేదనుకోవడం మన ఎక్సైజ్ వ్యవస్థలో మొదటి నుంచీ ఉన్న జబ్బు. తెలంగాణ పల్లెలో కల్లు తాగేవాడు పోతుతాడు కల్లుకూ పండుతాడు కల్లుకూ తేడా చెప్పగలడు. అదే మనిషి మందు దుకాణం ముందు నిలబడితే అతనికి ఉండే ఎంపిక ధర ఒక్కటే.

ఇక గ్లాసుల సంగతి. మొదటి గ్లాసు వాసన చూసి పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ముప్పయ్యేళ్లు ముక్కును దూరంగా పెట్టుకుని పనిచేసిన మనిషికి అది కొత్త. తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. కురిడి కొబ్బరి. కొత్త కొయ్య మీద రంపం పెట్టినప్పటి వాసన. తాటిబెల్లం. గుక్క తీసుకున్నాక మిరియం కాటు, గొంతులో మంట, ఆ మంట వెనక కొంతసేపు చేదు. "ఇది కంట్రోల్" అన్నారు. చీటీ తీసి చూస్తే వుడ్‌ఫర్డే.

రెండో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం విప్పారింది. కొబ్బరి, బెల్లం ఉన్నాయి గానీ వాటి మీద ఎండుద్రాక్ష, కాస్త ఖర్జూరం కప్పుకుని ఉన్నాయి. ఘాటు తక్కువ. నోట్లో మెత్తగా పరుచుకుంది. అప్పుడు ఆయన వాడిన మాట వగరు. నేరేడు పండు తిన్న తర్వాత నాలుక మీద పొరలా మిగిలే వగరు. విస్కీ గురించి ఇంగ్లిషులో రాసేవాళ్లు టానిన్ అనీ, పొడిబారడమనీ, నోరు పీక్కుపోవడమనీ చుట్టూ తిరిగి చెప్పేదాన్ని తెలుగులో ఏటా ఉగాది నాడు మామిడి పిందెతో పిల్లలకు కూడా రుచి చూపిస్తాం. ఆరు రుచుల్లో దాన్నొకటిగా లెక్కపెట్టుకున్న భాషకు వైన్ పీపాను జడ్జి చేయడంలో కొంత మొగ్గు ఉన్నట్టే.

వైన్ పీపా పనితనాన్ని ఈ వగరుతోనే కొలవడం మేలు. తీపిని నమ్మడానికి లేదు. తీపి ముందు వచ్చి నాలుకను ఒప్పించేస్తుంది. లేత విస్కీ లోపాలను, పచ్చి మొక్కజొన్న వాసనను, స్పిరిట్ ఘాటును అది మూసేస్తుంది. సొంతంగా కాచే దమ్ములేక పెద్ద డిస్టిలరీల దగ్గర విస్కీ కొని అమ్మే బ్రాండ్లు చాలా ఉన్నాయి. అదే సరుకు పదిమంది అమ్ముతున్నప్పుడు నీది వేరని చూపించడానికి వైన్ పీపా ఒక సులువు దారి. అలాంటి సీసాల్లో తీపి పైన తేలుతుంది, విస్కీ కింద ఉండిపోతుంది. వగరు మాత్రం అలా మోసం చేయదు. పీపా సమపాళ్లలో పనిచేస్తే తీపికి అడ్డుకట్ట వేసి, రుచిని ఇంకాసేపు నిలబెడుతుంది. ఎక్కువరోజులు ఉంచితే నోరు ఎండిపోతుంది, మింగాక కాఫీ డికాక్షన్ అడుగు తాగినట్టుంటుంది. మూడు నెలలా ఆరు నెలలా అన్నది క్యాలెండర్ చూసి తేల్చే విషయం కాదు. ప్రతి పీపాకూ రుచి చూసి చెప్పాల్సిందే. హెండర్సన్ లాంటివాళ్ల నాలుకకు కంపెనీలు జీతమిచ్చింది ఇందుకే.

ఏంజెల్స్ ఎన్వీ మార్కులు ఇక్కడే తేలతాయి. వాసనకు ఎక్కువే ఇవ్వాలి. మొదటి, రెండో గుక్కల్లో బోర్బన్, పోర్ట్ ఒకదాన్నొకటి మింగేయకుండా పక్కపక్కన నిలబడతాయి. అది మామూలు నేర్పు కాదు. ముగింపు దగ్గర కొంత తగ్గుతుంది. తీపి చల్లగా జారిపోతుంది, వుడ్‌ఫర్డ్ వదిలివెళ్లే మిరియం కాటు ఉండదు. నీళ్లు నాలుగు చుక్కలు వేస్తే చాలు, ఆరో చుక్కకు పలచబడుతుంది. 43.3 శాతం దీనికి కింది గీత. ఇంకో మూడు శాతం ఎక్కువ ఉంటే బాగుండేదనిపిస్తుంది. విస్కీ అలవాటులేని వాళ్లకు మొదటి గ్లాసుగా ఇవ్వడానికి ఇంతకంటే మంచిది వెతకడం కష్టం. ఏళ్లుగా బోర్బన్ తాగుతున్నవాళ్లకు మాత్రం రెండో పెగ్గు దగ్గర కొంచెం బోర్ కొడుతుంది. ఈ కుటుంబం రై విస్కీని రమ్ పీపాల్లో ఉంచి చేసిన ఇంకో సీసా ఉంది. దాని తీపి పండుగ పూట పులిహోర తర్వాత పాయసం, ఆ తర్వాత బూరెలు తిన్నట్టుంటుంది. ఆ ఊసు ఇక్కడితో చాలు.

మూడో గ్లాసు లెజెంట్‌ను పెద్దాయన వైన్ పీపాగా గుర్తించలేకపోయారు. మామూలు బోర్బన్‌కే వయసు ఎక్కువై ఉంటుందనుకున్నారు. ఆలోచిస్తే అది దానికి దక్కిన మెచ్చుకోలే. కొంత భాగమే వైన్ పీపాల్లో ఉండటంతో పండు రుచి వెనక నిలబడింది. 47 శాతం ఘాటు ముందుకు నడిచింది. వైన్ కోసం కొన్నవాడికి ఇది ఏమంత వైన్ అనిపిస్తుంది, విస్కీ కోసం కొన్నవాడికి ఎక్కడో ఏదో బాగుందనిపిస్తుంది. ముక్కుకు తక్కువ, గొంతుకు ఎక్కువ మార్కులు. ముగ్గురిలో అల్లుడి ఓటు దీనికే పడింది.

ఈ సీసాల భవిష్యత్తు రుచి ఒక్కదాని మీదే ఆధారపడి లేదు. కరోనా రోజుల్లో గిరాకీ చూసి కెంటకీ వాళ్లు అప్పులు చేసి మరీ గోదాములు కట్టారు. పీపా నింపిన నాలుగేళ్లకు గానీ సరుకు చేతికి రాదు. ఈలోపు జనం తాగడం తగ్గించారు. 2025 జనవరిలో బ్రౌన్-ఫోర్మన్ లూయీవిల్‌లోని తన పీపాల కర్మాగారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ మార్చిలో సుంకాల యుద్ధానికి జవాబుగా కెనడా రాష్ట్రాలు అమెరికన్ మద్యాన్ని దుకాణాల నుంచి తీసేశాయి. క్లెర్మాంట్‌లోని ప్రధాన డిస్టిలరీలో 2026లో కాచడం నిలిపేస్తామని జిమ్ బీమ్ 2025 డిసెంబరులో చెప్పింది. గోదాముల్లో పేరుకుపోయిన బోర్బన్‌కు కొత్త చొక్కా తొడిగి అమ్మాలంటే వైన్ పీపా చేతికందిన మార్గం. అందువల్ల ఇలాంటి సీసాలు ఇంకా పెరుగుతాయనుకోవచ్చు. అన్నీ హెండర్సన్ నాలుక దాటి వచ్చినవి కావు.

వాళ్ల చూపు మన వైపూ ఉంది. మోదీ వాషింగ్టన్ పర్యటనకు సరిగ్గా ముందు, 2025 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం బోర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. మిగతా విదేశీ మద్యానికి ఆ సడలింపు ఇవ్వలేదు. తగ్గినా, దాని మీద రాష్ట్రాల పన్నులు పడ్డాక హైదరాబాద్ దుకాణంలో ధర చూస్తే దేవదూతలు కూడా అసూయ మానుకుంటారు. పోటీ కూడా ఉంది. హర్యానాలో పికాడిలీ డిస్టిలరీస్ 2021లో తెచ్చిన ఇంద్రి ట్రినీ కూడా బోర్బన్ పీపాలు, ఫ్రెంచ్ వైన్ పీపాలు, పెద్రో హిమెనెజ్ షెర్రీ పీపాలు మూడింటినీ వాడి చేసిన సింగిల్ మాల్టే. బోర్బన్ అనిపించుకోవాలంటే అమెరికాలోనే తయారవ్వాలి, వైన్ పీపా వాడకానికి మాత్రం పాస్‌పోర్ట్ అక్కర్లేదు.

పెద్దాయన మూడు గ్లాసుల్లోనూ కలిపి ఒక పెగ్గు కూడా తాగి ఉండరు. మిగిలింది అల్లుడి వంతైంది. ఆయన మాత్రం కూతురి దగ్గర కాగితం అడిగి తీసుకుని పాత అలవాటు ప్రకారం రిపోర్టు రాశారు. శాంపిల్ రెండు ఎదురుగా 'రంగు: ఎర్రచాయ గల తేనె. వాసన: ఎండుద్రాక్ష, కొబ్బరి. రుచి: తీపి, వగరు. కలిపినది: వైన్, పీపా ద్వారా, లేబుల్ మీద తెలిపారు' అని ఉంది. అభిప్రాయం అన్న గడిలో ముందు 'కల్తీ కాదు' అని రాసి, కాసేపాగి, దాని కింద 'బాగుంది' అని చేర్చారు. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఆ రెండో మాట రాసే గడి ఆయన ఫారాల్లో ఉండేది కాదు.

తిరుగు ప్రయాణానికి సామాన్లు సర్దుతున్నప్పుడు అల్లుడు సీలు తీయని ఏంజెల్స్ ఎన్వీ ఒకటి తెచ్చిచ్చాడు. విమానంలో వచ్చేవాళ్లకు రెండు లీటర్ల దాకా సుంకం లేదు, ఇది ముప్పావు లీటరే. తనకొద్దు గానీ తనతోపాటు రిటైరైన స్నేహితుడొకరికి ఇస్తానని పెద్దాయన ఒప్పుకున్నారు. ఆమె వంటింట్లోంచే అన్నారు: "తీసుకెళ్తే తీసుకెళ్లండి. నా చీరల పెట్టెలో మాత్రం పెట్టొద్దు."